మార్కులు వేసేశాకే కానుక

మార్చి నెలాఖరుకు సీబీఎస్‌ఈ బడుల్లో, ఏప్రిల్ నాలుగో వారానికి రాష్ట్ర సిలబస్ బడుల్లో ఏడాది చదువు ముగుస్తుంది. సరిగ్గా అప్పుడే తల్లుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక చర్చ మొదలవుతుంది. క్లాస్ టీచర్‌కి ఏమిద్దామని ఒకరు అడుగుతారు. చీర అంటారు ఒకరు, వెండి కుంకుమ భరిణె అంటారు ఇంకొకరు. తలా మూడొందలు ఫోన్‌పే చేయండి, మిగతాది నేను చూసుకుంటానని ఓపికున్న ఒకావిడ ముందుకొస్తుంది. నలుగురైదుగురు వెంటనే పంపుతారు. పదిమంది చూసి ఊరుకుంటారు. ఆ ఊరుకున్నవాళ్ళలో ఇష్టం లేనివాళ్ళెవరో, చేతిలో డబ్బు ఆడనివాళ్ళెవరో బయటికి తెలియదు.

చూడ్డానికి ఇది బజారుకెళ్ళి తేల్చుకునే విషయంలాగే ఉంటుంది. కానీ దీని వెనక నాలుగు సంగతులున్నాయి. గురువుకు ఇవ్వడం గురించి మన సంప్రదాయం ఏమంటోంది? చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుంది? అందుకునే టీచరుకు నిజంగా ఏది పనికొస్తుంది? ఇవ్వలేని ఇంటి పిల్లవాడి మాటేమిటి? వీటిని వరసగా చూస్తూ పోతే, ఏం కొనాలన్నది ఆఖరి ప్రశ్న అని తేలుతుంది. ఎప్పుడివ్వాలి, ఎలా ఇవ్వాలి అన్నవే ముందు తేల్చుకోవాల్సినవి.

గురుదక్షిణ కథల్లో దొరికేది

గురుదక్షిణ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఏకలవ్యుడి బొటనవేలు. ఆ కథను దక్షిణకు నమూనాగా తీసుకోవడం పొరపాటు. పాఠమే చెప్పని గురువు ద్రోణుడు అడగకూడనిది అడిగిన కథ అది. అదే ద్రోణుడు కురుపాండవులను అడిగిన దక్షిణ, ద్రుపదుణ్ణి పట్టి తెమ్మని. రెండుచోట్లా అడిగింది గురువే, అదీ తన అవసరం కోసం.

మిగతా కథల నడక వేరు. రఘువంశం ఐదో సర్గలో కౌత్సుడు చదువు పూర్తయ్యాక దక్షిణ ఏమివ్వమంటారని వరతంతు మహర్షిని అడుగుతాడు. నువ్వు చేసిన సేవ చాలంటాడాయన. కౌత్సుడు వదలడు. పదేపదే అడిగేసరికి విసుగెత్తి, నేర్పిన విద్యలు పద్నాలుగు కాబట్టి పద్నాలుగు కోట్లు తెచ్చిపెట్టమంటాడు. ఆ ధనం అడగడానికి కౌత్సుడు వెళ్ళేసరికి రఘుమహారాజు యాగంలో సర్వస్వం దానం చేసేసి మట్టిపాత్రతో ఎదురొచ్చే స్థితిలో ఉన్నాడు. ఆయన కుబేరుడి మీదికి దండెత్తబోతే, రాత్రికి రాత్రే కోశాగారంలో బంగారం కురిసింది. అంతా పట్టుకుపొమ్మని రాజు. ఇవ్వాల్సినదానికి మించి గవ్వ కూడా అక్కర్లేదని శిష్యుడు.

ఆదిపర్వంలో ఉదంకుడిదీ ఇదే దారి. గురుపత్ని కోరిక మీద పౌష్య మహారాజు భార్య కుండలాలు తేబోయి, వాటిని తక్షకుడికి పోగొట్టుకుని, నానా తంటాలు పడి దక్కించుకున్నాడు. తక్షకుడి మీద అతని పగ జనమేజయుడి సర్పయాగం దాకా వెళ్ళింది. వస్తువు కోసం పడిన శ్రమకూ, దానివల్ల గురువుగారింటికి ఒరిగినదానికీ పొంతనే లేదు.

ఈ కథల్లో రెండు విషయాలు గమనించదగ్గవి. కౌత్సుడి గురువు తనకేమీ అక్కర్లేదని ముందే చెప్పాడు, పట్టుదలంతా ఇచ్చేవాడిది. రెండోది, దక్షిణ ఎప్పుడూ చదువు ముగిశాకే. మనుస్మృతి ఈ మాట విడమరిచి చెప్పింది. చదువు పూర్తికాకముందు శిష్యుడు గురువుకు ఏమీ ఇవ్వకూడదు. పూర్తయి ఇంటికి మళ్ళేటప్పుడు గురువు అనుమతితో శక్తికొద్దీ ఇవ్వాలి. అక్కడిచ్చిన జాబితాలో పొలం, బంగారం, ఆవు, గుర్రం ఉన్నాయి. గొడుగు, చెప్పులు, ధాన్యం, బట్టలు కూడా ఉన్నాయి. పొలం ఇచ్చేవాడికీ చెప్పులజత ఇచ్చేవాడికీ ఒకే జాబితాలో చోటుంది. ఎప్పుడన్న దగ్గర మాత్రం సడలింపు లేదు.

వీధిబడి పంతులు నుంచి సర్కారు మాస్టారు దాకా

పురాణాల పక్కనే మన ఊళ్ళలో ఇంకో ఆనవాయితీ నడిచింది. దానికి మూలం కృతజ్ఞత కాదు, బతుకుతెరువు. వీధిబడి పంతులుకు నెలజీతం ఇచ్చే సర్కారు లేదు. అక్షరాభ్యాసం రోజున బట్టలు, తాంబూలం, దక్షిణ వచ్చేవి. పంట ఇంటికొచ్చినప్పుడు ధాన్యం, అప్పుడప్పుడు స్వయంపాకం వచ్చేవి. దసరాకు పంతులు పిల్లలను వెంటబెట్టుకుని, రంగుకాగితాలు చుట్టిన విల్లంబులతో ఇంటింటికీ తిప్పి పాటలు పాడించేవాడు. పంతులుకు వరహాలు, పిల్లలకు పప్పుబెల్లాలు అడిగే ఆ పాటలు పెద్దవాళ్ళకు ఇప్పటికీ నోటికి వస్తాయి. ఆ దసరా మామూలు పంతులుకు కానుక కాదు, జీతంలో ఒక భాగం. ఇవ్వకపోతే పంతులు ఇల్లు గడవదు.

సర్కారు జీతాలొచ్చాక ఆ అవసరం పోయింది, అలవాటు మిగిలింది. ఇవాళ టీచరుకు చీర పెట్టాలన్న ఆలోచనలో పాత అక్షరాభ్యాసపు తాంబూలం ఉంది, ఇంటికొచ్చిన ముత్తైదువకు జాకెట్టుముక్క పెట్టే మర్యాద ఉంది, కొంత దసరా మామూలు కూడా ఉంది. మొదటి రెండూ గౌరవం. మూడోది మాత్రం జీతం ఉన్నచోట లంచానికి దగ్గరవుతుంది.

డబ్బుతో పనిలేని పద్ధతులూ మనకు కొత్త కాదు. 1921లో సర్వేపల్లి రాధాకృష్ణన్ మైసూరు వదిలి కలకత్తా విశ్వవిద్యాలయానికి వెళుతున్నప్పుడు విద్యార్థులు ఆయన బండిని పూలతో అలంకరించి, గుర్రాలను విప్పేసి, తామే రైల్వేస్టేషను దాకా లాక్కెళ్ళారు. ఆ తర్వాత పదేళ్ళకు ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా వచ్చారు. 1962 నుంచి ఆయన పుట్టినరోజునే దేశమంతా టీచర్ల దినోత్సవంగా జరుపుకుంటోంది. మన పల్లెల్లో మాస్టారికి బదిలీ అయితే పూలదండ వేసి, శాలువా కప్పి, డప్పులతో ఊరి పొలిమేర దాకా సాగనంపే ఆచారం ఇంకా ఉంది. 2024లో మంచిర్యాల జిల్లా జన్నారం మండలంలో ఒక మాస్టారు పక్క ఊరి బడికి బదిలీ అయితే, తల్లిదండ్రులు నూరుమందికి పైగా పిల్లలను ఆయన వెంటే ఆ బడికి మార్చేశారు. ఒక టీచరు పనితనానికి ఇంతకన్నా పెద్ద యోగ్యతాపత్రం దొరకడం కష్టం.

చట్టం గీసిన గీతలు

సర్కారు బడి టీచర్లు సర్కారు ఉద్యోగులే. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాలు కానుకల మీద, సన్మానాల మీద ఆంక్షలు పెట్టాయి. కేంద్రీయ విద్యాలయాల టీచర్లకు వర్తించే కేంద్ర నియమావళి కూడా 1964 నాటిదే. అందులో 13వ నియమం కానుకల గురించి. 2019లో మార్చిన పరిమితుల ప్రకారం అనుమతి లేకుండా తీసుకోగలిగిన కానుక విలువ ఏ, బీ గ్రూపుల ఉద్యోగులకు 5,000 రూపాయలు, సీ గ్రూపు వారికి 2,000. ఒక పూట మామూలు భోజనం పెట్టడం, దారిలో బండి ఎక్కించుకోవడం లాంటివి కానుక కిందికి రావని ఆ నియమమే చెబుతుంది. కాబట్టి పిల్లవాడి పుట్టినరోజున మాస్టారు ఇంటికొచ్చి పులిహోర తిని వెళితే ఏ నియమమూ మీరినట్టు కాదు. మార్కుల కోసమో, హాజరు కోసమో ఇచ్చింది మాత్రం ఎంత చిన్నదైనా అవినీతి నిరోధక చట్టం పరిధిలోకి వెళుతుంది.

ప్రైవేటు బడుల టీచర్లకు ఈ నియమాలు వర్తించవు. అక్కడ యాజమాన్యం చెప్పిందే వేదం. కొన్ని బడులు కానుకలు వద్దని ఖరాఖండిగా సర్క్యులర్ పంపుతాయి. కొన్ని పట్టించుకోవు. ఇంకొన్నిచోట్ల టీచర్ల దినోత్సవానికి పిల్లల చేత డబ్బులు వసూలు చేయించే పని బడే చేస్తుంది. కృతజ్ఞత ఫీజుగా మారేది అక్కడే.

బయటి దేశాలు ఈ చిక్కును ఇంకా గట్టిగా విప్పడానికి చూశాయి. దక్షిణ కొరియాలో టీచర్లకు కవరులో డబ్బు పెట్టి ఇచ్చే అలవాటు ముదిరిపోయి, 2016 సెప్టెంబరు 28 నుంచి కఠినమైన చట్టం అమల్లోకి వచ్చింది. అక్కడ మే 15 టీచర్ల దినోత్సవం. ఆ రోజున విద్యార్థి విడిగా ఇచ్చే ఒక్క పువ్వు కూడా తప్పే. తరగతి ప్రతినిధి అందరి ముందూ ఇస్తే ఒప్పు. ఆ టీచరుకూ ఆ పిల్లవాడికీ మార్కుల సంబంధం తెగిపోయాక ఇచ్చే కానుక దగ్గర మాత్రం చట్టం కొంత పట్టు సడలిస్తుంది. చదువు ముగిశాకే ఇవ్వమన్న మన పాత ధర్మశాస్త్రం మాట అక్కడ కొత్త చట్టంలో కనిపిస్తుంది. చైనా విద్యాశాఖ 2014లో విద్యార్థుల నుంచి, తల్లిదండ్రుల నుంచి టీచర్లు కానుకలు, డబ్బు తీసుకోవడాన్ని నిషేధించింది. బెర్లిన్‌లో తరగతి పిల్లలంతా కలిసి కొనిచ్చిన సుమారు 200 యూరోల బొమ్మను తీసుకున్నందుకు ఒక టీచరు 4,000 యూరోలు కట్టాల్సి వచ్చిన సంగతి 2015లో వార్తల్లోకెక్కింది. అప్పటికి అక్కడి పరిమితి పది యూరోలు.

అమెరికాలో మన తెలుగువాళ్ళకు ఈ ప్రశ్న ఏడాదిలో మూడుసార్లు ఎదురవుతుంది. డిసెంబరు సెలవుల ముందు ఒకసారి, మే మొదటి వారంలో వచ్చే టీచర్ల అభినందన వారంలో ఒకసారి, బడులు మూసేముందు ఇంకోసారి. మసాచుసెట్స్ రాష్ట్రంలో ప్రభుత్వ బడి టీచరు ఒకరి దగ్గర 50 డాలర్లు, ఆపైన విలువ చేసే కానుక తీసుకోకూడదు. తరగతి మొత్తం కలిసి ఇస్తే ఏడాదికి 150 డాలర్ల దాకా తీసుకోవచ్చు. అయితే ఎవరెవరు ఎంతెంత వేశారన్నది టీచరుకు తెలియకూడదు. ఇన్ని దేశాల నియమాల్లో నాకు అన్నిటికన్నా తెలివైనదిగా తోచింది ఈ చివరి షరతే. ఇచ్చిన ఇల్లు, ఇవ్వని ఇల్లు ఏవో తెలియనప్పుడు టీచరు మనసు ఎటూ మొగ్గాల్సిన పనిలేదు.

టీచరమ్మ షోకేసులో ఏముంటుంది

ఇరవై ఏళ్ళ సర్వీసున్న ఏ టీచరమ్మ ఇంట్లో షోకేసు చూసినా దాదాపు ఒకటే సరుకు. పై అరలో మెమెంటోలు, అందులో సగం వాటిపై పేరు చెక్కిన రేకు ఊడిపోయి ఎవరిచ్చారో తెలియనివి. దాని కింద వినాయకుడి బొమ్మలు, పెద్దవి చిన్నవి కలిపి పదికి తక్కువుండవు. ఇంగ్లీషులో ఉత్తమ టీచర్ అని అచ్చేసిన కాఫీ మగ్గులు. పెన్‌స్టాండులు, ఫొటోఫ్రేములు, ఆగిపోయిన గోడగడియారాలు. బీరువాలో ప్లాస్టిక్ కవరు విప్పని శాలువాలు ఒక దొంతర. ఇవన్నీ ప్రేమతో వచ్చినవే కాబట్టి పారేయలేరు. ఇంట్లో చోటు లేదు కాబట్టి పెట్టుకోలేరు. ఏ గృహప్రవేశానికో వినాయకుడొకరు చేతులు మారిపోతూ ఉంటారు.

అదే ఇంట్లో ఇంకోచోట, సాధారణంగా పాత చీరల మడతల కిందో సర్టిఫికెట్ల ఫైలులోనో, కాగితాల కట్ట ఒకటి ఉంటుంది. పిల్లలు గీసిన గ్రీటింగ్ కార్డులు, నోటుపుస్తకంలోంచి చింపి రాసిన చీటీలు, ఎప్పుడో చదువుకున్న కుర్రవాడు ఉద్యోగం వచ్చాక రాసిన ఉత్తరం. షోకేసు తాళం తీయమంటే బద్ధకించే టీచరమ్మ ఈ కట్టను మాత్రం అడక్కుండానే తీసి చూపిస్తుంది.

పరిశోధకుల లెక్కలు కూడా దీనికి దగ్గరగానే ఉన్నాయి. 1993లో జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికవేత్త క్రిస్మస్ కానుకల మీద చేసిన అధ్యయనంలో, అందుకున్నవాళ్ళు తమకొచ్చిన వస్తువుకు కట్టే విలువ దాని కొన్న ధరకన్నా పదో వంతు నుంచి మూడో వంతు దాకా తక్కువని తేలింది. వెయ్యి రూపాయల బొమ్మ టీచరమ్మ దృష్టిలో ఏడొందలదో తొమ్మిదొందలదో అవుతుందన్నమాట. 2011లో ఫ్రాన్సెస్కా జీనో, ఫ్రాన్సిస్ ఫ్లిన్ చేసిన పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. ఇచ్చేవాళ్ళు తాము సొంతంగా ఆలోచించి తెచ్చినదే గొప్పనుకుంటారు. తీసుకునేవాళ్ళకు తాము అడిగినది దొరికితేనే ఎక్కువ సంతోషం. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో కృతజ్ఞతతో రాసిన ఉత్తరాల మీద పరీక్ష పెట్టారు. ఉత్తరం అందుకున్నవాళ్ళు ఎంత సంతోషిస్తారో రాసినవాళ్ళు తక్కువగా ఊహించారు. వాళ్ళకు ఎంత ఇబ్బందిగా ఉంటుందో అన్నది ఎక్కువగా ఊహించుకున్నారు. బాగుండదేమో, మాటలు సరిగ్గా కుదరవేమో అని మనం మానేసే పనే అవతలివాళ్ళకు అన్నిటికన్నా నచ్చే పని.

తలా ఇంత వేసుకోవడం

నలభైమంది పిల్లలున్న తరగతిలో తలా వంద వేసుకుంటే నాలుగు వేలు. తలా మూడొందలైతే పన్నెండు వేలు. వంద రూపాయల కానుకలు నలభై విడివిడిగా వెళ్ళేకన్నా అందరూ కలిసి ఒక పనికొచ్చే వస్తువు ఇవ్వడం నయమన్న మాట నిజమే. ఎవరిది పెద్దది, ఎవరిది చిన్నది అన్న పోటీ కూడా ఉండదు.

చిక్కల్లా వసూలు చేసే తీరులో ఉంది. గ్రూపులో ఎవరు ఎంత పంపారో పేర్లతో పట్టిక పెట్టడం, మిగిలినవాళ్ళకు రోజుకోసారి గుర్తుచేయడం, తీరా ఇచ్చేరోజున కార్డు మీద డబ్బు కట్టిన పిల్లల పేర్లే రాయడం చాలాచోట్ల జరుగుతున్నవే. ఆటో నడిపే తండ్రికి నెలాఖరున మూడొందలు భారమే. తన పేరు లేని కార్డు టీచరు చేతికి అందుతుంటే చూస్తూ నిలబడే పిల్లవాడికి ఆ ఏడాది చదువంతటిలో గుర్తుండిపోయేది అదే కావచ్చు.

దీనికి మార్గం లేకపోలేదు. కనీస మొత్తం అంటూ పెట్టకుండా ఎవరికి తోచింది వాళ్ళు ఒకరికే పంపాలి. ఎవరు ఎంతిచ్చారన్నది ఆ ఒక్కరి దగ్గరే ఆగిపోవాలి. కార్డు మీద తరగతిలోని పిల్లలందరి పేర్లూ ఉండాలి. ఇవ్వనివాళ్ళు కూడా ఆ ఏడాదంతా ఆ టీచరు దగ్గర చదువుకున్నవాళ్ళే కదా. వచ్చిన మొత్తాన్ని బట్టి వస్తువు చూసుకోవాలి గానీ, వస్తువు ముందే ఎంచుకుని దానికి తగ్గట్టు చందాలు లాగకూడదు.

వస్తువులు ఒక్కొక్కటిగా

డబ్బు: నేరుగా డబ్బివ్వడం సర్కారు టీచరుకు ఇబ్బంది, ప్రైవేటు టీచరుకు మొహమాటం. అమెరికాలో దుకాణాల గిఫ్ట్‌కార్డు మామూలైపోయింది. మన దగ్గర చాలామందికి అది ఇంకా కవరులో పెట్టిన నోటుతో సమానం. తరగతి అంతా కలిసి ఇచ్చే పుస్తకాల షాపు వోచరో, బట్టల షాపు వోచరో అయితే ఆ మొహమాటం కొంత తగ్గుతుంది. చిన్న ప్రైవేటు బడుల్లో పనిచేసే ఎందరో టీచర్లకు ఏటికేడు జీతం పెరుగుతుందన్న నమ్మకం ఉండదు. వాళ్ళకు బొమ్మకన్నా వోచరే ఉపయోగం.

చీర: ఇష్టపడి ఇచ్చేది, ఇష్టపడి కట్టుకునేదీ ఇదే. కానీ రంగు, రకం ఒకరి ఎంపిక ఇంకొకరికి నచ్చదు. మంగళగిరి, పోచంపల్లి చేనేత తీసుకుంటే ఆ సందేహం కొంత తగ్గుతుంది. బిల్లు జతచేసి మార్చుకునే వీలిస్తే ఇంకా మంచిది. ఒక్క తల్లి విడిగా ఖరీదైన చీర పెట్టడం మాత్రం టీచరును ఇరకాటంలో పెట్టడమే.

దేవుడి బొమ్మలు: టీచరు ఏ మతస్థురాలో, ఏ దేవుణ్ణి కొలుస్తుందో మనకు ఎందుకు? ఆ ప్రశ్న అడగాల్సిన అవసరం లేని వస్తువు ఎంచుకోవడమే మర్యాద.

తినుబండారాలు: ఆత్రేయపురం పూతరేకులు, కాకినాడ కాజా, బందరు లడ్డు స్టాఫ్‌రూములో పెడితే అందరూ పంచుకుంటారు. ఒకరికే ఇచ్చామన్న మాట రాదు. షుగరు ఉన్న టీచర్లూ ఉంటారు కాబట్టి కాస్త పండ్లు కలపడం మంచిది. అమెరికాలో అయితే జీడిపప్పు, బాదంపప్పు పడనివాళ్ళు ఉండొచ్చు. మన కాజు కత్లీ డబ్బా ఇచ్చేముందు అడిగి తీరాలి. అక్కడి టీచరుకు మన ఊరి వస్తువేదైనా ఇవ్వాలనుకుంటే ఏటికొప్పాక లక్కబొమ్మ, చేర్యాల చిన్న ముఖం లాంటివి సులువుగా సూట్‌కేసులో పడతాయి. వాటి గురించి నాలుగు మాటలు రాసి జతచేస్తే ఆ టీచరు దాన్ని తరగతిలోనూ చూపించగలదు.

పెన్ను: పాతదే, కానీ పనికొచ్చేది. గాంధీజీ ప్రేరణతో స్వదేశీ పెన్ను తయారీకి పూనుకున్న రాజమండ్రి రత్నం పెన్నుకు ఒక చరిత్ర ఉంది. ఎర్ర ఇంకుతో రోజూ నలభై నోటుపుస్తకాలు దిద్దే చేతికి మంచి పెన్ను విలువ తెలుసు.

తరగతికి ఇచ్చేవి: నా ఓటు వీటికే. బడిలో ఒక అర నిండా పిల్లల కథల పుస్తకాలు ఉంటే, వచ్చే ఏడాది ఆ తరగతికొచ్చే పిల్లలు కూడా చదువుకుంటారు. మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్ట్ వంటి సంస్థల తెలుగు పుస్తకాలు నాలుగు వేలకు బోలెడన్ని వస్తాయి. చార్టులు, రంగులు, గ్లోబు, వైట్‌బోర్డు మార్కర్లు లాంటివి చాలామంది టీచర్లు జేబులోంచి కొంటున్నవే. అమెరికాలో ఈ ఖర్చును ప్రభుత్వమే గుర్తించి, కొంతవరకు పన్ను లెక్కలో తగ్గించుకోనిస్తుంది. టీచరును అడిగి, ఆమె చెప్పినది కొని, మొదటి పేజీలో తరగతి పేరు రాసి ఇస్తే దానికి ఏ నియమమూ అడ్డురాదు. ఎవరి ఇంటికీ పోని కానుక అది.

రాసిచ్చేది

ఏ వస్తువిచ్చినా, ఏమీ ఇవ్వకపోయినా, ఒక ఉత్తరం మాత్రం ఉండాలి. అందులోనూ రెండు రకాలున్నాయి. మీరు చాలా మంచి టీచర్, మీకు మా ధన్యవాదాలు అని రాసింది ఎవరికైనా వెళ్ళవచ్చు. ఒక ఐదో తరగతి పిల్లవాడు ఇలా రాశాడనుకోండి: "మిస్, నాకు భిన్నాలు రావడం లేదని మీరు బోర్డు మీద దోసె గీసి ఎనిమిది ముక్కలు చేశారు. ఇప్పుడు ఇంట్లో దోసె తింటుంటే ఐదు బై ఎనిమిది మిగిలిందని చెల్లికి చెబుతున్నాను. అది నవ్వుతోంది." ఇది ఆ ఒక్క టీచరుకు తప్ప ఇంకెవరికీ చెందదు. ఆవిడ ఏ రోజు ఏ పాఠం చెప్పిందో, అది ఎక్కడ పడిందో అందులో కనిపిస్తుంది.

ఇలాంటిది రాయించడానికి తల్లిదండ్రులు చేయాల్సింది ఒకటే. ఈ ఏడాది మీ టీచర్ చెప్పినవాటిలో నీకు బాగా గుర్తున్నదేదని పిల్లల్ని అడగాలి, చెప్పింది చెప్పినట్టు రాయనివ్వాలి. అక్షరదోషాలు దిద్దనక్కర్లేదు. ఏటా వందలకొద్దీ దోషాలు దిద్దే మనిషికి అవేమీ కొత్త కాదు. రాయడం రాని చిన్నపిల్లలైతే బొమ్మ గీస్తారు, కింద తల్లి ఒక వాక్యం రాస్తే చాలు.

పెద్దవాళ్ళు రాయాల్సిన ఉత్తరం ఇంకోటుంది. అది ప్రిన్సిపాల్‌కో, ప్రధానోపాధ్యాయుడికో, ఒక ప్రతి టీచరుకు. ఫలానా టీచరు వల్ల మా పిల్లవాడికి ఫలానా మేలు జరిగిందని రెండు మూడు వాక్యాలు. ఇంక్రిమెంటు యాజమాన్యం చేతిలో ఉన్న ప్రైవేటు టీచరుకు ఆ కాగితం చీరకన్నా అక్కరకొస్తుంది. అమెరికాలో వారాంతాల్లో జీతం లేకుండా మనబడి తరగతులు నడిపే తెలుగు గురువులకైతే, పిల్లవాడు తెలుగులో సొంతంగా రాసిన నాలుగు వాక్యాలకు మించిన దక్షిణ ఉండదు. వాళ్ళు చెప్పిన చదువు ఎంతవరకు వచ్చిందో ఆ కాగితమే చూపిస్తుంది.

క్లాస్ టీచర్ ఒక్కరేనా?

ఈ చర్చంతా సాధారణంగా క్లాస్ టీచర్ దగ్గరే ఆగిపోతుంది. ఎల్‌కేజీ పిల్లవాడు నిక్కరు తడుపుకున్నప్పుడు బట్టలు మార్చింది ఆయమ్మ. ఎండలో, వానలో ఇంటి ముందు దింపి, తల్లి కనబడేదాకా కదలనిది బస్సు డ్రైవరు. సర్కారు బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండిపెట్టింది వంటమ్మ. పీఈటీ సారు, డ్రాయింగు టీచరు, తెలుగు పండితులు ఏటా సన్మానాల జాబితాలో చివర ఉంటారు.

వీళ్ళకివ్వడం తేలిక కూడా. ఆయమ్మ చేతిలో మార్కులు లేవు, ప్రోగ్రెస్ కార్డు లేదు. ఇచ్చింది మరోలా అర్థమయ్యే ప్రమాదం లేదు. వాళ్ళ జీతం చిన్నది కాబట్టి పండూ తాంబూలంతో పాటు కవరులో కాస్త డబ్బు పెట్టినా తప్పు లేదు, అది అక్కరకొస్తుంది. గ్రూపులో వసూలైన పన్నెండు వేలలో ఐదారు వేలు ఇటు మళ్ళిస్తే టీచరమ్మ కూడా కాదనదు.

ఇక తేల్చుకోవాల్సింది

ఇన్ని వైపుల నుంచి చూశాక నాకు తోచిన వరస ఇది. మొదట సమయం. పరీక్షలు అయిపోయి, మార్కులు పడి, ప్రోగ్రెస్ కార్డు చేతికొచ్చాక ఇవ్వాలి. సెప్టెంబరు ఐదున ఒక పువ్వు, ఒక కార్డు చాలు. బరువైనదేదైనా ఉంటే ఏడాది చివరికే. అదే టీచరు వచ్చే ఏడాదీ మన పిల్లవాడికి పాఠం చెబుతుందంటే ఇంకో ఏడాది ఆగడమే మంచిది. రెండోది తీరు. అందరి తరఫున, అందరి ముందు, ఎవరు ఎంత వేశారో తెలియకుండా. మూడోది వస్తువు. టీచరును అడిగి, వీలైతే తరగతికి పనికొచ్చేది. వీటన్నిటితో పాటు, పిల్లవాడి చేతిరాతతో ఒక కాగితం.

దీన్ని తల్లిదండ్రుల విచక్షణకే వదిలేయడం కూడా సరికాదు. ఇవ్వనివాళ్ళు వెనకబడతామేమోనన్న భయంతో ఇస్తారు, ఇచ్చేవాళ్ళు ఇంకొకరికన్నా తక్కువ కాకూడదని పెంచుతారు. మధ్యలో కాదనలేక నలిగేది టీచరే. ప్రతి బడీ ఫిబ్రవరిలోనే ఒక చిన్న సర్క్యులర్ పంపాలి. విడిగా ఏ కానుకా తీసుకోము, తరగతి తరఫున ఇవ్వాలనుకుంటే ఇంతకు మించకూడదు, పుస్తకాలిస్తే సంతోషం, ఉత్తరం రాస్తే మరీ సంతోషం అని నాలుగు ముక్కలు. ఆ కాగితం మీద ప్రిన్సిపాల్ సంతకం ఉంటే టీచరమ్మకు వద్దని చెప్పే ధైర్యం వస్తుంది, ఆటో నడిపే తండ్రికి మూడొందల బెంగ తీరుతుంది. యాజమాన్యానికి అయ్యే ఖర్చు ఒక జెరాక్సు.